జొన్నగింజలో చప్పుడు

ఆ పుస్తకం రాసే పని నాకు రావడానికి నా రాత గొప్పతనమేమీ కారణం కాదు. శనివారం మధ్యాహ్నాలు ఖాళీగా ఉండే మనిషి కావలసి వచ్చింది, నేను దొరికాను, అంతే.

సికింద్రాబాదులో చిన్న ప్రచురణకర్త ఒకాయన ఉండేవాడు. హైస్కూలు ఆడపిల్లల కోసం పలచటి జీవితచరిత్రలు అచ్చువేసేవాడు. మా జూనియర్ కాలేజీకి పుస్తకాలు అమ్ముకోవడానికి వచ్చి, స్టాఫ్‌రూములో ఒంటరిగా పేపర్లు దిద్దుకుంటున్న తెలుగు లెక్చరర్ని, అంటే నన్ను, చూశాడు. "మేడమ్, మన దిక్కు మొట్టమొదటి ఆడ సైంటిస్టుల్ల ఒకామె సైనిక్‌పురిల ఉన్నది. తిండిగింజల్ల పురుగుల మీద పనిజేసింది. ఆమెతోని జెర కూసొని మాట్లాడి ఓ వంద పేజీలు రాసిస్తరా?" అన్నాడు.

నాకు పురుగులంటే ఒళ్ళు జలదరింపు. అయినా సరేనన్నాను. ఎందుకన్నానో దాచడం దేనికి? మా ఆయన పోయి అప్పటికి రెండో ఏడు నడుస్తోంది. రైల్వే ఆఫీసులో పనిచేసేవారు. పిల్లల్లేరు. బంధువులంతా బెజవాడ వైపు. అల్వాల్లో మేడ మీద రెండు గదుల వాటాలో నేనొక్కదాన్నే. వారమంతా కాలేజీతో ఎలాగో గడిచిపోయేది. శనివారం ఒంటిపూట. ఆ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి సోమవారం పొద్దున దాకా నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఉండేవారు కాదు.

రేడియో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పొద్దున్న లేవగానే ఆయన చేసే మొదటి పని రేడియో పెట్టడం. పేపరు చదువుతున్నా, భోంచేస్తున్నా, నాతో పోట్లాడుతున్నా అది మోగుతూనే ఉండాలి. "ఆ గోల కట్టండి బాబూ, తల వాచిపోతోంది" అని కాపురం చేసినన్నాళ్ళూ మొత్తుకున్నాను. ఆయన పోయాక ఒక్క పూట దాన్ని కట్టలేకపోయాను. పంటల కబుర్లు, కూరగాయల ధరలు, సంస్కృత వార్తలు, ఏదైనా సరే. కాలేజీకి తాళం వేసి వెళ్ళేటప్పుడు కూడా ఆపేదాన్ని కాదు. తిరిగొచ్చి తలుపు తీసేసరికి లోపల ఒక గొంతు ఉండాలి. పిచ్చి అంటే అనండి.

అలా ఒక వానాకాలం శనివారం, తిరుమలగిరి దగ్గర బస్సు మారి సైనిక్‌పురి వెళ్ళాను. ఆవిడ మిలిటరీలో చేసి రిటైరైన తమ్ముడి ఇంట్లో ఉండేవారు. తమ్ముడు పోయాడు, ఇల్లు మిగిలింది. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన తెల్లచీరలో తలుపు తీసి, నన్ను కిటికీకి ఎదురుగా వెలుతురు పడేలా కూర్చోబెట్టి, తాను నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు.

నేను బుద్ధిగా పెన్ను తీశాను. "మేడమ్, మీరు ఎక్కడ పుట్టారు..."

"గుంటూరు దగ్గర. అమ్మా నాన్నా ఇద్దరూ మిషన్ బడిలో టీచర్లు. అవన్నీ తర్వాత చెప్తాలే అమ్మాయ్. ముందు ఇది విను."

నలభై ఎనిమిదేళ్ళ దాన్ని నన్ను అమ్మాయ్ అనే మనిషి దొరికినందుకు ఎంత పొంగిపోయానో! ఆ పొంగులో ఉండగానే నా చెవులకి డాక్టర్లు పెట్టుకునే స్టెతస్కోపు తగిలించారు. రెండో కొసని బల్ల మీదున్న గాజుసీసాకి ఆనించారు. సీసాలో జొన్నలు. మూతి మీద పలచటి గుడ్డ.

"ముక్కుపురుగు గింజకి బొక్క పెట్టి, లోపల గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది. నువ్వు బూతద్దం పెట్టి చూసినా బొక్క కనబడదు. లోపల పిల్లపురుగు నెల రోజులు గింజని తింటూ పెరుగుతుంది. అది బయటికి వచ్చాకే మనకి తెలుస్తుంది పురుగు పట్టిందని. అప్పటికి ఇంకేం మిగులుతుంది, పొట్టు! కానీ అది లోపల తింటున్నప్పుడే వినొచ్చు. నేను విన్నాను. విను."

చెవులు రిక్కించి విన్నాను. నా గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు.

"వినబడలేదండీ."

"మంచిది," అన్నారు. "వినబడిందని అబద్ధం చెప్పలేదు. వచ్చే శనివారం రా."

ఆ తర్వాత శనివారం శనివారం ఆవిడ జీవితం కాస్త కాస్త నాకు చెప్పారు. చదువుకునే రోజుల్లో ప్రయోగశాలలో ఆవిడొక్కతే ఆడపిల్ల. ధాన్యం నిలవ మీద పరిశోధన చేసే సర్కారు ఆఫీసులో చేరితే గది ఇవ్వలేదు, గోడౌను వరండాలో ఒక బల్ల వేశారు. ఆవిడ దాన్ని తప్పుపట్టేవారు కాదు. "బల్ల గోడౌన్లో ఉండబట్టే కదా సంచుల పక్కన కూర్చున్నాను! గది ఇచ్చి ఉంటే ఫ్యాను కింద కూర్చుని ఫైళ్ళు చూసేదాన్ని."

కొట్లు తెరవకముందు, వీధి ఇంకా లేవకముందు రెజిమెంటల్ బజారుకి వెళ్ళి, తెలిసిన వ్యాపారుల గిడ్డంగుల్లో సంచులకి స్టెతస్కోపు పెట్టి వినేవారట. సంచిలో పురుగు ఉందని ముందే చెప్పగలిగితే రైతు ఎండబెట్టుకుంటాడు, గింజ దక్కుతుంది. అది ఆవిడ ఆశ. రిపోర్టు రాసి ఇస్తే పైవాళ్ళు నవ్వి, గింజలు మాట్లాడతాయా అని అడిగి, ఆ భాగం తీసేసి తక్కినది తమ రిపోర్టులో కలుపుకున్నారు. ఆ చప్పుడు ఉందని నమ్మినవాడు ఒకే ఒక్క సహాయకుడు, అతనికీ అది వినబడలేదు. అతను ఎప్పుడో చనిపోయాడు.

నేను ఉత్సాహం పట్టలేక రెజిమెంటల్ బజారు వెళ్ళి ఆ వ్యాపారుల్లో ఒకాయన కొట్టు వెతికి పట్టుకున్నాను. ఇప్పుడు కొడుకు కూర్చుంటున్నాడు, ఆయనకీ తల నెరిసింది. "గా అమ్మనా! ఎందుకు యాదిలేదు? సంచులకు నాడి చూసేటిది. మా నాయిన నవ్వేటోడు, ఏందమ్మా బియ్యానికి జరమొచ్చిందా అని. కానీ అమ్మ జూపిచ్చిన సంచికి నెల తిరిగేసరికి పక్కా పురుగు వట్టేది. మా నాయిన పరేషాన్ అయిపోయేటోడు!"

బస్సు దిగి దాదాపు పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆవిడకి చెప్పాను. సంతోషిస్తారనుకున్నాను.

"వాళ్ళ నాన్న విన్నాడా?"

"వినలేదు గానీ, మీరు చెప్పింది నిజమైందని..."

"అది వేరు. పది సంచులు చూపిస్తే నాలుగింటికి ఎలాగూ పడుతుంది పురుగు. నాకొక్కదానికే వినబడిందంటే అది విన్నట్టు కాదమ్మాయ్. ఇంకొకళ్ళకి వినబడాలి. నా పుస్తకంలో అందరూ నన్ను పొగిడిన మాటలు వద్దు. ఆ చప్పుడు ఉందని నువ్వు విని రాయి. లేకపోతే ఆ అధ్యాయమే వద్దు."

నా మొహం, ఆ అధ్యాయం లేకపోతే పుస్తకంలో ఏముంది? వరండాలో బల్ల, ఫలానా ఊళ్ళో ఫలానా చదువు. ఆ చప్పుడే ఆవిడ.

రెండు సీసాలు నాకిచ్చి పంపారు. చూడటానికి రెండిట్లోనూ మంచి జొన్నలే. ఒకదాంట్లో గింజల లోపల పిల్లపురుగులు ఉన్నాయి. రెండోదాంట్లో గింజల్ని పెనం మీద వేడిచేసి లోపల ప్రాణమన్నది లేకుండా చేశారు. పురుగున్న సీసా అడుగున ఎర్రరంగు చుక్క. "కళ్ళు మూసుకుని రెండూ అటూ ఇటూ మార్చు, ఏది ఏదో నీకే తెలియకూడదు. విని చెప్పు, తర్వాత అడుగు చూసుకో. ముందు చూసి తర్వాత వింటే నీ చెవి నీకే అబద్ధం చెప్తుంది." ఒక పాత స్టెతస్కోపు కూడా ఇచ్చారు. నెల తిరిగేసరికి పురుగులు బయటికి వచ్చేస్తాయి కాబట్టి సీసా మారుస్తూ ఉండేవారు.

ఇంట్లో ప్రతి సాయంత్రం వినేదాన్ని. ఏమీ వినబడేది కాదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఏదో ఒక సీసా చూపించేదాన్ని, సగం సార్లు తప్పేది.

"మీ ఇంట్లో ఏమన్నా మోగుతూ ఉంటుందా?" అని ఒకసారి అడిగారు.

"లేదండీ, నేనొక్కదాన్నే కదా," అన్నాను. అబద్ధమాడాలని కాదు. రేడియో పక్కగదిలో సన్నగా ఉంటే ఈ గదిలో సీసాలు వినేదాన్ని, కానీ అది మోగుతోందన్న సంగతే నాకు తట్టలేదు. గోడలూ తలుపులూ ఉన్నట్టే అదీ ఉండేది.

ప్రచురణకర్త ఊరుకుంటాడా? ఫోను మీద ఫోను. "ఏందీ మేడమ్, ఇంకా గా జొన్నల కాడ్నే ఉన్నరా? పురుగు ఇనబడితే ఏంది, ఇనబడకుంటే ఏంది? ఇనబడ్డదని రాసి పడేయండి. ఎవడొచ్చి చూస్తడు? జల్ది షురూ చేద్దాం అచ్చు."

ఒళ్ళు మండి ఫోను పెట్టేశాను. కానీ అతనన్నది నాకూ తోచని సంగతి కాదు. ఒక్క మాట అనేస్తే పెద్దావిడ మనసు చల్లబడుతుంది కదా అని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అనలేదు. అంటే శనివారాలు కూడా అయిపోతాయి. అసలు కారణం అదేనేమో.

చలికాలం వచ్చింది. ఆ శనివారం ఆవిడ చాలా హుషారుగా ఉన్నారు. తన స్టెతస్కోపు చెవులకి పెట్టుకుని సీసా మీద ఆనించి కళ్ళు మూసుకున్నారు. మొహమంతా నవ్వు. "ఇదిగో... కొరుకుతోంది చూడు. ఎంత స్పష్టంగా ఉందో! నీకెందుకు వినబడదమ్మాయ్?"

నేను చూశాను. స్టెతస్కోపు రబ్బరు గొట్టం పాతబడి పగిలి, సీసా మీద ఆనించిన బిళ్ళ నుంచి పూర్తిగా ఊడిపోయి ఉంది. గొట్టం కొస ఒళ్ళో వేలాడుతోంది. ఆవిడ చెవులకి చేరుతున్నది ఒట్టి గాలి.

అప్పుడు అన్నీ గుర్తొచ్చాయి. నన్నెప్పుడూ వెలుతురులో కూర్చోబెట్టి నా పెదవులనే చూడడం. వంటింట్లో కుక్కరు ఎన్ని ఈలలు వేసినా లేవకపోవడం. చర్చిలో ఈమధ్య పాటలు మరీ నీరసంగా పాడుతున్నారని విసుక్కోవడం. నాది నలభై మంది పిల్లల మీద అరిచే క్లాసు గొంతు కాబట్టి నాతో మాత్రం గడిచిపోయింది.

మనవాళ్ళం ఇలాంటప్పుడు ఏం చేస్తాం? పెద్దవాళ్ళకి కష్టం కలిగే మాట మొహాన చెప్పం. చుట్టూ తిప్పుతాం. నేనూ అదే చేశాను. ఆ రోజు నోరెత్తలేదు. మరుసటి శనివారం వెళ్ళేటప్పుడు మందుల షాపులో కొత్త స్టెతస్కోపు కొని, "పాతది బాగా పాతబడిందండీ, ఇది ఉంచండి" అన్నాను తేలిగ్గా.

ఆవిడ పాతదాన్ని చేతిలోకి తీసుకుని చూశారు. ఊడిన గొట్టం. దాని వంకా, నా వంకా చూశారు. ఆ కళ్ళు చూస్తే చాలు, ఈవిడ ముందు నా చుట్టుతిప్పుళ్ళు చెల్లవని తెలిసిపోయింది.

"ఇది ఎప్పుడు ఊడింది?"

"... పోయిన వారం చూశానండీ."

"నేను విన్నానన్నప్పుడు ఊడే ఉందా?"

తలూపాను.

"నీకు తెలిసీ ఊరుకున్నావా!" ఆవిడ అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. "నా మనసు నొప్పించకూడదనా? ఇలాగేనా నువ్వు నా పుస్తకం రాసేది? గింజలో పురుగుంటే చెప్పకుండా బస్తా మూతి కుట్టేస్తావా?"

నాకు తల తీసేసినట్టయింది. ఏడుపు కూడా వచ్చింది. ఆవిడ మాత్రం ఏడవలేదు. కుర్చీ గోడవైపు తిప్పుకుని, నాకు వీపు పెట్టి కూర్చున్నారు. "నీ చేతిలో కాగితాలు ఉన్నాయిగా. మామూలు గొంతుతో చదువు. నీ ఇష్టం వచ్చినప్పుడు మొదలుపెట్టు, నీ ఇష్టం వచ్చినప్పుడు ఆపు. వినబడితే చెయ్యి ఎత్తుతాను. ఆపితే దించుతాను."

నేను రాసిన మొదటి అధ్యాయమే చదివాను. గుంటూరు, మిషన్ బడి, ఆవిడ వాళ్ళమ్మ వడ్లు చెరగడం. కాసేపటికి ఆవిడ చెయ్యి పైకి లేచింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకొంచెం చదివి ఆపాను.

చెయ్యి దిగలేదు.

నేను ఎదురుచూశాను. ఆ సన్నటి చెయ్యి అలా గాల్లో నిలబడే ఉంది. చివరికి నేనే లేచి వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను. నా నోరు మూసి ఉండడం చూసి ఆవిడ చెయ్యి నెమ్మదిగా ఒళ్ళో పెట్టుకున్నారు.

మామూలు గొంతుతో అన్నారు. "రాసుకో. ఆవిడకి చెవులు పోయాయి. ఆ చప్పుడు ఉందో లేదో తేలలేదు. అంతటితో పుస్తకం ముగించెయ్. వచ్చే శనివారం నువ్వు రానక్కర్లేదు."

ఎలా ఇంటికి వచ్చానో గుర్తులేదు. ఆ వారమంతా ఆ రెండు ముక్కలూ రాయలేకపోయాను. తర్వాతి శనివారం అలవాటు కొద్దీ బస్టాపు దాకా వెళ్ళి, బస్సు వదిలేసి తిరిగొచ్చాను. రేడియో నాటకమేదో వేస్తోంది. ఎవరెవరో మాట్లాడుకుంటున్నారు, అందులో ఒక్కరూ నాతో మాట్లాడడం లేదు. అది నాకు కొత్తగా తెలిసినట్టు అనిపించి దిగులేసింది.

ఆ పై శనివారం కింద వాటా ఇంటివాళ్ళు పెళ్ళికి ఊరెళ్ళారు. వీధిలో తీగ ఏదో తెగి మధ్యాహ్నం కరెంటు పోయింది. రేడియో ఆగిపోయింది.

ఆయన పోయాక ఆ ఇంట్లో అలాంటి నిశ్శబ్దం అదే మొదటిసారి. ఇదివరకు కరెంటు పోతే చెప్పులేసుకుని కిందికి పోయి ఇంటావిడతో కబుర్లు పెట్టుకునేదాన్ని. ఇప్పుడు కిందా తాళమే. కాలుగాలిన పిల్లిలా రెండు గదులూ తిరిగాను. ఆయన కుర్చీ, ఆయన కళ్ళజోడు పెట్టె. ఆయన లేరు. ఇంతకాలం తెలియదని కాదు, కానీ ఆ మధ్యాహ్నం ఇల్లు నాతో ఆ మాట పైకి అన్నట్టుంది. కూర్చుని బావురుమన్నాను. ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక, ఏం చెయ్యాలో తోచక, బల్ల మీదున్న సీసాలు దగ్గరికి లాక్కున్నాను.

కళ్ళు మూసుకుని రెండూ మార్చాను. చెవులకి స్టెతస్కోపు పెట్టుకున్నాను. మొదటి సీసాలో ఏమీ లేదు. రెండోది.

టిక్. చాలా సన్నగా. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టిక్, టిక్, వెంటనే చిన్న గీకుడు. ఎవరో మూసిన గదిలో గోటితో తలుపు గీస్తున్నట్టు.

సీసా అడుగు చూశాను. ఎర్రచుక్క. మళ్ళీ కళ్ళు మూసుకుని మార్చాను. మళ్ళీ అదే. మళ్ళీ మళ్ళీ మార్చాను. ఒక్కసారీ తప్పలేదు. "ఓరి దేవుడో, ఉంది!" అని పైకే అరిచాను. ఆ అరుపు వినడానికి మాత్రం ఎవరూ లేరు.

రావద్దన్న మనిషి ఇంటికి బస్సు మారి వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. బెల్లు కొడితే ఏం లాభం? కిటికీ దగ్గర నిలబడి చెయ్యి ఊపాను. ఆవిడ తలుపు తీసి పక్కకి తప్పుకున్నారు. నేను వెలుతురులోకి వెళ్ళి కూర్చుని, పెదవులు బాగా కదిలేలా అన్నాను. "వినబడింది."

నా మొహం వంక అనుమానంగా చూశారు. "ఏ సీసా?"

"చుక్క ఉన్నది."

"ముందు చూశావా, ముందు విన్నావా?"

"ముందు విన్నాను. కళ్ళు మూసుకునే మార్చాను. చాలాసార్లు."

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. కరెంటు పోయి రేడియో కూడా ఆగిపోయింది."

"రేడియోనా!" ఆవిడ కనుబొమలు పైకి వెళ్ళాయి. "ఇన్ని నెలలూ రేడియో పెట్టుకుని విన్నావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

అప్పుడు చెప్పాను ఆయన గురించి. ఆవిడకి అంతకు ముందు చెప్పలేదు. నేను ఆవిడ జీవితచరిత్ర రాసేదాన్ని, నా సంగతి ఎందుకులే అనుకునేదాన్ని. ఆవిడ నా పెదవుల మీంచి కళ్ళు తీయకుండా విన్నారు.

"మా తమ్ముడు వాగుడుకాయ," అన్నారు చివరికి. "వాడున్నన్నాళ్ళూ ఈ ఇంట్లో నాకు ఒక్క సీసా వినబడలేదు. కాస్త నోరు ముయ్యరా అని తిట్టేదాన్ని. వాడు పోయిన నెలలో పక్కగదిలోంచి కూడా వినబడింది. ఆ రోజు ఎంత ఏడ్చానో! అది వినబడాలంటే ఇల్లు అలా అయిపోవాలమ్మాయ్. ఆ నిశ్శబ్దం నీకు రావాలని నేను కోరుకోకూడదు. కానీ కోరుకున్నాను."

ఆవిడ నా ముందుకి అరచెయ్యి చాపారు. "ఎలా ఉంది? చూపించు."

ఆ చేతిలో గోటితో కొట్టి చూపించాను. టిక్, టిక్, టిక్.

"అంత తొందర ఉండదు. చలికాలం. అవి నెమ్మదిగా తింటాయి."

నిజమే. నేనే కంగారులో తొందరపడ్డాను. ఈసారి విన్నది విన్నట్టు కొడుతూ పోయాను. టిక్. చాలాసేపు ఏమీ లేదు. టిక్, టిక్, చిన్న గీకుడు. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. మొహం మీదికి ఆ రోజు చూసిన నవ్వే వచ్చింది. "అదే," అన్నారు. "అదే. రాసుకో, ఇద్దరు విన్నారని."

"రాస్తాను" అన్నాను. కళ్ళు మూసుకున్న మనిషికి ఆ మాట ఎలా వినబడుతుందని అప్పుడు తోచలేదు. కిటికీలో వెలుతురు తగ్గిపోతోంది, ఆఖరి బస్సు దాటిపోతుందేమోనని నా వేలు ఆపాను.

ఆవిడ వెంటనే కళ్ళు తెరిచారు. "ఆపావేం?"